పాత వెండి, కొత్త ముద్ర

ఓడిన రాజు ముఖం మీదే గెలిచిన రాజు తన గుర్తు కొట్టించాడు. పేరు మారింది, వెండి మారలేదు. నాసిక్ దగ్గర దొరికిన శాతవాహన నాణేలు అధికార మార్పిడి గురించి ఏం చెబుతున్నాయి?

దేవేంద్రనగర్ (రాయ్‌పూర్)

రాయ్‌పూర్‌లోని దేవేంద్రనగర్‌లో నిలబడి కొత్త రాజధానికి దారి అడిగితే రెండు పేర్లు తెలిసి ఉండాలి. అధికారిక పత్రాల్లో దాని పేరు నవా రాయ్‌పూర్ అటల్ నగర్. మాజీ ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి మరణించాక 2018లో అటల్ పేరు చేరింది. నగరంలో చాలామంది నోట మాత్రం అది ఇప్పటికీ నయా రాయ్‌పూరే. సర్కారు పేరు ఒకటి, జనం పేరు ఒకటి.

తెలుగువారికి ఈ తంతు కొత్తేం కాదు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకం, 2014లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారాక ఎన్టీఆర్ వైద్యసేవ అయింది. 2019లో మళ్లీ ప్రభుత్వం మారింది, వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అయింది. 2024లో ఇంకోసారి మారింది, తిరిగి ఎన్టీఆర్ వైద్యసేవ అయింది. కార్డు మీద బొమ్మ మారినా, ఆపరేషన్ కోసం వచ్చే రోగి అడిగే ప్రశ్న ఒక్కటే: ఈ కార్డు చెల్లుతుందా?

సరిగ్గా ఇదే ప్రశ్న దాదాపు 1,900 ఏళ్ల కిందట గోదావరి ఎగువ తీరంలో ఎవరో అడిగి ఉంటారు. వాళ్ల చేతిలో ఉన్నది కార్డు కాదు, సుమారు రెండు గ్రాముల వెండి నాణెం. దాని మీద ఓడిపోయిన రాజు ముఖం ఉంది. గెలిచిన రాజు పేరు గౌతమీపుత్ర శాతకర్ణి.

కుండలో రెండు ప్రభుత్వాలు

1906లో నాసిక్ జిల్లాలోని జోగల్‌తెంభి గ్రామంలో ఒక పాత నిధి బయటపడింది. అందులో 13,250కి పైగా వెండి నాణేలున్నాయి. అన్నీ మొదట ఒకే రాజు కొట్టించినవి: పశ్చిమ భారతాన్ని ఏలిన క్షహరాత వంశపు శక పాలకుడు నహపాణుడు. వాటిని పరిశీలించిన రెవరెండ్ హెచ్.ఆర్. స్కాట్ ఒక విచిత్రం గమనించారు. వాటిలో 9,270కి పైగా నాణేల మీద రెండోసారి ముద్ర పడి ఉంది. నహపాణుడి తల మీద మూడు వంపుల కొండ గుర్తు, దాని చుట్టూ బ్రాహ్మీ లిపిలో గౌతమీపుత్ర శ్రీ శాతకర్ణి పేరు. వెనకవైపు, నహపాణుడి బాణం, వజ్రాయుధం ఉన్నచోట నాలుగు గుండ్రాల 'ఉజ్జయిని గుర్తు'.

అంటే ప్రతి పది నాణేల్లో ఏడింటికి కొత్త ముద్ర పడింది. మూడింటికి పడలేదు. అయినా అవన్నీ ఒకేచోట, కలగలిసి ఉన్నాయి.

నాణేల మీద నాణెం కొట్టే ఈ పద్ధతిని చరిత్రకారులు పునర్ముద్రణ అంటారు. పని చూడ్డానికి తేలికే. పాత నాణేన్ని వేడి చేసి, దాగలి మీద బిగించిన అచ్చుపై పెట్టి, పైన రెండో అచ్చు ఆనించి సమ్మెటతో ఒక్క దెబ్బ కొడతారు. దెబ్బ నిండుగా పడితే పాత బొమ్మ దాదాపు చెరిగిపోతుంది. కాస్త పక్కకు జారితే, లేదా లోహం సరిగా వేడెక్కకపోతే, పాతది అడుగున మిగిలిపోతుంది. జోగల్‌తెంభి నాణేల్లో చాలావాటిపై కొండ గుర్తు పక్కన నహపాణుడి ముక్కో, చెవో, జుట్టు చారలో ఇప్పటికీ కనిపిస్తాయి. నాణేన్ని కొంచెం తిప్పి పట్టుకుంటే కిందటి ప్రభుత్వం తొంగిచూస్తుంది.

కరిగించొచ్చు కదా?

గౌతమీపుత్రుడి తల్లి గౌతమీ బాలశ్రీ నాసిక్ మూడో గుహలో వేయించిన శాసనం తన కొడుకును క్షహరాత వంశాన్ని నిశ్శేషం చేసినవాడిగా, శాతవాహన కీర్తిని తిరిగి నిలబెట్టినవాడిగా కొనియాడింది. అంత పంతం ఉన్న రాజు శత్రువు నాణేలన్నీ మూసలో వేసి కరిగించి, కొత్తవి పోయించొచ్చు. ఎందుకు చేయలేదు?

మొదటి కారణం ఏ కంసాలినడిగినా చెబుతాడు: తరుగు, మజూరీ. కరిగించిన వెండిని మళ్లీ సరైన తూకంలో బిళ్లలుగా పోయాలి. అందుకు బొగ్గు, మనుషులు, సమయం కావాలి. పాత నాణెం అప్పటికే తూకం సరిచూసిన బిళ్ల. అచ్చు ఒక్కటి మారిస్తే చాలు.

రెండో కారణం వెండి కొరత. శాతవాహనుల రోజువారీ డబ్బు ప్రధానంగా సీసం, రాగి, పోటిన్ అనే మిశ్రమ లోహం. తెలంగాణలోని కోటిలింగాల, పెద్దబంకూరు వంటిచోట్ల దొరికిన వేల నాణేల్లో ఇవే ఎక్కువ. వెండి ప్రధానంగా పశ్చిమ తీరం నుంచి, సముద్ర వాణిజ్యంతో వచ్చేది. గుజరాత్‌లోని భరుకచ్ఛం, అంటే నేటి భరూచ్, ఆ వ్యాపారానికి పెద్ద రేవు. క్రీ.శ. 1వ శతాబ్దపు గ్రీకు నావికుల కరదీపిక 'పెరిప్లస్' ప్రకారం రోమన్ వెండి, బంగారు నాణేలను అక్కడి డబ్బుతో మార్చుకుంటే లాభం ఉండేది. నహపాణుడు ఆ రేవును ఏలాడు. అతని ఖజానా చేతికి రావడమంటే శాతవాహనులకు సిద్ధంగా కొట్టిపెట్టిన వెండి గుట్ట దొరికినట్టే.

మూడో కారణం అసలైనది. అది నాసిక్‌లోనే ఇంకో గుహ గోడ మీద ఉంది.

వడ్డీ ఆగితే బట్టలుండవు

నాసిక్ పదో గుహ శాసనంలో నహపాణుడి అల్లుడు ఉషవదాతుడు ఒక దానం వివరాలు రాయించాడు. 3,000 కార్షాపణాలు అక్కడి నేతగాళ్ల శ్రేణుల దగ్గర శాశ్వత నిధిగా వేశాడు. ఒక శ్రేణి దగ్గర 2,000, నెలకు నూటికి ఒకటి వడ్డీ. ఇంకో శ్రేణి దగ్గర 1,000, నూటికి ముప్పావు వడ్డీ. అసలు ఎప్పటికీ తిరిగి ఇవ్వక్కర్లేదు, వడ్డీ మాత్రమే వాడాలి. మొదటి మొత్తం మీద వచ్చే వడ్డీతో గుహలో వర్షావాసం చేసే ఇరవై మంది భిక్షువులకు తలా 12 కార్షాపణాలు బట్టల కోసం. లెక్క సరిపోతుంది: నెలకు 20, ఏడాదికి 240, ఇరవై మందికి పన్నెండేసి. ముప్పై అయిదు కార్షాపణాలు ఒక సువర్ణానికి సమానమన్న మారకం రేటు కూడా అదే గుహలో చెక్కి ఉంది.

అంటే ఆ రోజుల్లోనే నాసిక్‌లో డిపాజిట్లున్నాయి, వడ్డీ రేట్లున్నాయి, మారకం రేటుంది. ఉషవదాతుడు చెప్పిన కార్షాపణాలు నహపాణుడి వెండి నాణేలేనని కొందరు పండితుల అభిప్రాయం. అదే నిజమైతే ఆ నాణేన్ని ఒక్క ఆజ్ఞతో చెల్లకుండా చేయడమంటే నహపాణుడిని శిక్షించడం కాదు. నేతగాళ్లను, వాళ్లకు అప్పుపడ్డవాళ్లను, గుహలో చలికి వణికే భిక్షువును శిక్షించడం. గౌతమీపుత్రుడు ఎంచుకున్న మార్గం మధ్యస్థం. నాణెం చెల్లుతుంది, కానీ నా పేరుతో చెల్లుతుంది.

మరి ముద్ర పడని ఆ మూడోవంతు? గుర్తు వేసే పని మధ్యలో ఆగిందా, రాజు ఆజ్ఞ అన్ని మూలలకూ చేరలేదా అన్నది అలా ఉంచితే, ఒకటి మాత్రం స్పష్టం. ఆ నాణేలను కూడబెట్టినవాళ్లు రెండు రకాలనూ వేరు చేయలేదు. వాళ్ల దృష్టిలో రెండూ వెండే.

పొలానికి ముద్ర పడలేదు

గౌతమీపుత్రుడు నాణేల మీదే కాదు, భూమి మీద కూడా పునర్ముద్రణ ప్రయత్నించాడు. తన 18వ పాలనా సంవత్సరంలో ఇచ్చిన ఆజ్ఞ నాసిక్ గుహ గోడపై ఉంది. అప్పటిదాకా ఉషవదాతుడి అనుభవంలో ఉన్న 200 నివర్తనాల పొలాన్ని గుహలోని సన్యాసులకు దానం చేస్తున్నట్టు అధికారికి తెలిపాడు. పాత యజమాని పేరు తీసి కొత్త దాత పేరు. నాణెం మీద చేసినదే.

అయితే ఆరేళ్లకు, 24వ సంవత్సరంలో, ఇంకో ఆజ్ఞ వెలువడింది. ఇంతకుముందు ఇచ్చిన పొలం దున్నడం లేదు, ఆ ఊళ్లో జనం కాపురం ఉండడం లేదు, కాబట్టి నగరం సరిహద్దున ఉన్న రాజు సొంత భూమిలో 100 నివర్తనాలు ఇస్తున్నామని దాని సారాంశం. తల్లి, కొడుకు కలిసి ఇచ్చిన ఆజ్ఞ అది.

యుద్ధాల తర్వాత పల్లె ఎలా ఉంటుందో చెప్పడానికి అంతకంటే సూటి పత్రం అక్కర్లేదు. వెండి మీద సమ్మెట దెబ్బ పడితే పేరు మారుతుంది, విలువ నిలుస్తుంది. పొలం అలా కాదు. రైతు వెళ్లిపోతే ఎవరి పేరు చెక్కినా అది బీడే. విజేత ఆ మాట ఒప్పుకుని రాతి మీద చెక్కించడం విశేషం. ఈ రోజుల్లో పథకం విఫలమైందని ఫలకం వేయించే ప్రభుత్వం కనిపించదు.

గ్రీకులు నేర్పిన విద్య

నాణెం మీద నాణెం కొట్టడం శాతవాహనులు కనిపెట్టింది కాదు. వెండి గనులు లేని గ్రీకు నగరాలకు అది మామూలు పని. దక్షిణ ఇటలీలోని మెటాపాంటమ్ నగరం కొరింత్ నాణేల మీది రెక్కల గుర్రాన్ని అణగ్గొట్టి తన యవల కంకి ముద్ర వేసింది. క్రీటు దీవిలోని గోర్టిన్, ఫైస్టోస్ నగరాలు ఏజినా తాబేళ్ల మీద, ఆఫ్రికా తీరంలోని సైరీన్ నాణేల మీద తమ బొమ్మలు కొట్టాయి. సైరీన్‌లో కిరాయికి యుద్ధం చేసి ఇంటికొచ్చిన క్రీటు సైనికుల మూటల్లో ఆ వెండి వచ్చిందని ఒక వివరణ.

అవసరమే కాదు, కసి కూడా సమ్మెట పట్టిస్తుంది. క్రీ.శ. 132లో రోమ్ మీద తిరగబడ్డ యూదులు, బార్ కోఖ్బా నాయకత్వంలో, రోమన్ చక్రవర్తుల వెండి నాణేల మీద తమ పురాతన లిపిలో అక్షరాలు, జెరూసలేం దేవాలయం బొమ్మ కొట్టారు. 135లో తిరుగుబాటు అణగిపోయింది. ఆ నాణేల్లో కొన్నింటిపై దేవాలయం స్తంభాల పక్కన చక్రవర్తి ముఖం ఇంకా కనబడుతుంది.

అసలు నహపాణుడి నాణేనికే గ్రీకు వంశవృక్షం ఉంది. తల బొమ్మ చుట్టూ గ్రీకు అక్షరాలుంటాయి. భాష మాత్రం గ్రీకు కాదు. అతని బిరుదు, వంశం, పేరు గ్రీకు లిపిలో రాసే ప్రయత్నం. చాలా నాణేల్లో అవి అర్థం తెలియని చెక్కుడు పనివాడి చేతిలో గీతలుగా మిగిలాయి. వెనకవైపు అదే మాట బ్రాహ్మీలో, ఖరోష్ఠీలో. మూడు లిపులెందుకు? 'పెరిప్లస్'లో జవాబుంది. ఇండో-గ్రీకు రాజులైన అపొల్లోడోటస్, మెనాండర్‌ల పాత నాణేలు వాళ్లు పోయి తరాలు గడిచాక కూడా భరుకచ్ఛంలో చెల్లుతుండేవని ఆ గ్రంథం చెబుతోంది. జనం నమ్మిన నాణెం ఎలా ఉంటుందో కొత్త నాణెం కూడా అలాగే కనిపించాలి. నహపాణుడూ కొత్త సీసాలో పాత సారాయే పోశాడు.

చెరిపినవాడే అరువు తెచ్చుకున్నాడు

ఈ కథలో అసలు మలుపు గౌతమీపుత్రుడి తర్వాత వస్తుంది. అతని కొడుకు వాసిష్ఠీపుత్ర పులోమావి, ఆ తర్వాత యజ్ఞ శాతకర్ణి వంటి శాతవాహన రాజులు వెండి నాణేలు వేయించారు. వాటి మీద ఏముంది? రాజు ముఖం. తండ్రి తరం దేన్నయితే సమ్మెటతో అణగ్గొట్టిందో అదే పద్ధతిని కొడుకు తరం సొంతం చేసుకుంది. ఒకవైపు రాజు తల, ప్రాకృతంలో పేరు. రెండోవైపు కొండ గుర్తు, ఉజ్జయిని గుర్తు, చుట్టూ ఒక ద్రావిడ భాషలో అదే పేరు. అది తెలుగుకు దగ్గరిదా, తమిళానికా అన్న వాదన పండితుల్లో నేటికీ నడుస్తోంది. ఏదైనా, దక్షిణాది జనం భాష వెండి నాణెం ఎక్కింది గ్రీకుల నుంచి శకుల మీదుగా వచ్చిన నమూనా మీదే.

శకులూ నిశ్శేషం కాలేదు. క్షహరాతులు పోయినా మరో శక వంశం లేచింది. దక్షిణాపథానికి అధిపతి అయిన శాతకర్ణిని రెండుసార్లు ఓడించానని, దగ్గరి బంధువు కాబట్టి వదిలేశానని రుద్రదాముడు క్రీ.శ. 150 నాటి జునాగఢ్ శాసనంలో చెప్పుకున్నాడు. చివరకు ఆ శకులను గెలిచిన గుప్త చక్రవర్తి రెండో చంద్రగుప్తుడు కూడా పశ్చిమ దేశంలో అదే తరహా వెండి నాణేలు వేయించాడు. ముందు తల, వెనక గరుత్మంతుడు, అంచున అరిగిపోయిన గ్రీకు అక్షరాల ఆనవాళ్లు. మూడు శతాబ్దాల్లో ఎన్ని సింహాసనాలు తలకిందులైనా బజారు మాత్రం తనకు అలవాటైన నాణేన్నే కోరింది.

వరస చెబుతుంది, తేదీ చెప్పదు

చరిత్రకారులకు పునర్ముద్రిత నాణెం బంగారం కంటే విలువైంది. మామూలు నాణెం ఒక రాజు ఉన్నాడని చెబుతుంది. ఇది ఎవరి తర్వాత ఎవరో చెబుతుంది. కింద ఉన్నది ముందు, పైన ఉన్నది తర్వాత. ఇందులో సాక్షులు అబద్ధమాడే వీల్లేదు. వాయవ్య భారతాన్ని ఏలిన ఇండో-గ్రీకు రాజుల్లో చాలామంది వరసను ఇలాగే పేర్చుకొచ్చారు. యూక్రటైడిస్ రాగి నాణెం కింద అపొల్లోడోటస్ నాణెం కనిపిస్తే, ఆ నాణెం చేతులు ఎటునుంచి ఎటు మారిందో తేలిపోతుంది.

అయితే వరసే తెలుస్తుంది, సంవత్సరం తెలియదు. నహపాణుడి శాసనాల్లోని 41 నుంచి 46 వరకు ఉన్న సంవత్సరాలను శక సంవత్సరాలుగా లెక్కిస్తే గౌతమీపుత్రుడి విజయం క్రీ.శ. 124 ప్రాంతానికి వస్తుంది. కాదు, అంతకంటే దాదాపు అర్ధశతాబ్దం ముందేనని మరికొందరి వాదన. 13 వేల నాణేలు కూడా ఆ తగువు తీర్చలేకపోయాయి.

ఛత్తీస్‌గఢ్‌లోని తెలుగువారికి కూడా ఇది పరాయి కథ కాదు. ఈ రాష్ట్రంలోనే మహానది తీరాన బాల్‌పూర్‌లో అపీలకుడనే శాతవాహన రాజు రాగి నాణెం దొరికింది. అంతకుముందు అతను పురాణాల జాబితాలో ఒక పేరు మాత్రమే. ఒక్క నాణెంతో మనిషయ్యాడు. తర్వాతి కాలంలో ఈ ప్రాంతాన్ని ఏలిన శరభపురీయులు వేయించిన బంగారు నాణేలు ఇంకో రకం. పలుచని రేకును వెనక నుంచి నొక్కి బొమ్మ తేల్చినవి. వాటి మీద సమ్మెటతో రెండో ముద్ర కొడితే రేకు చిరిగిపోతుంది. పాతదాని మీద కొత్తది నిలవాలంటే పాతదానికి మందం ఉండాలి.

కాగితానికి ఆ బలం లేదు

నహపాణుడి నాణెం మీద ముద్ర పడకపోయినా వెండి వెండే. కాగితం నోటుకు ఆ ధైర్యం లేదు. 1948 ఏప్రిల్ 1 నుంచి పాకిస్తాన్‌లో చలామణీ అయిన తొలి నోట్లు భారత రిజర్వ్ బ్యాంకువే. ఆరో జార్జి బొమ్మ ఉన్న ఆ నోట్ల మీదే ఇంగ్లీషులో, ఉర్దూలో పాకిస్తాన్ ప్రభుత్వం అన్న మాటలు అదనంగా అచ్చేశారు. కొత్త దేశానికి సొంత నోట్లు సిద్ధమయ్యేదాకా పాత రాజు ముఖమే దిక్కయింది. 2016 నవంబర్ 8 రాత్రి టీవీలో ఒక్క ప్రసంగంతో 500, 1,000 రూపాయల నోట్లు చెల్లకుండా పోయినప్పుడు కాగితం బలమెంతో దేశం మొత్తానికీ తెలిసింది. గౌతమీపుత్రుడు తలచుకున్నా చేయలేని పని అది. అతని ప్రజల చేతిలో ఉన్న డబ్బుకు రాజు అక్కర్లేని విలువ కొంత ఉంది. అందుకే అతను చెరపలేదు, కప్పాడు.

మూసలో పడేది చరిత్రే

ఇన్ని సంగతులు చెప్పగలిగింది జోగల్‌తెంభి నిధి మొత్తంగా లెక్కకు అందింది కాబట్టే. ఒక్కో నాణెం విడివిడిగా చేతులు మారి ఉంటే అందమైన ముఖాలున్నవి సేకరణల్లోకి వెళ్లేవి. రెండు బొమ్మలు కలిసిపోయి అలుక్కుపోయినట్టున్నవి కంసాలి మూసలోకి వెళ్లేవి. పదింట ఏడన్న ఆ నిష్పత్తి, రెండు రకాలూ కలిసి చెల్లాయన్న ఆధారం, రెండూ పోయేవి. పునర్ముద్రిత నాణెం శాపమే అది. చూడ్డానికి వికారంగా ఉంటుంది కాబట్టి మొదట బలయ్యేది అదే. మెరుపు కోసం చింతపండుతో, ఇసుకతో రుద్దినా ముందు పోయేది అడుగు బొమ్మ సన్నని గీతలే.

చట్టం లేక కాదు. 1878 నాటి నిధినిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం నూరేళ్లు దాటిన నాణేన్ని పురావస్తువుగా గుర్తిస్తుంది. కానీ పునాది తవ్వుతుంటే కుండ పగిలిన క్షణంలో అక్కడ ఉండేది కలెక్టరు కాదు, కూలీలు. నాణెం విలువ వెండి తూకం కాదని, కుండ మొత్తం ఒక పత్రమని, ఒక్క నాణెం తీసినా ఒక పేజీ చింపినట్టేనని వాళ్లకు ఎవరూ చెప్పకపోతే చట్టం చేసేది తక్కువే.

చివరగా ఒక మాట. దేనికీ పనికిరానివాడిని తెలుగులో దమ్మిడీకి కొరగాడంటారు. దమ్మిడీ వచ్చింది 'దామ్' నుంచి, దామ్ వచ్చింది సంస్కృత 'ద్రమ్మ' నుంచి, ద్రమ్మ వచ్చింది గ్రీకు 'ద్రాఖ్మా' నుంచి. గ్రీకులు పోయారు, శకులు పోయారు, శాతవాహనులూ పోయారు. ఒకరి మీద ఒకరు కొట్టిన ముద్రలన్నీ అరిగిపోయాక అడుగున ఉన్న మాట మాత్రం తెలుగువాడి తిట్టులో ఇంకా చెల్లుతోంది.